కూర్చుంటే కనపడేంత ఎత్తు

వీధిలో అందరూ ఆమెని మిషనమ్మ అంటారు. తెల్లవారితే చాలు, ఆ ఇంట్లోంచి కుట్టు మిషను చప్పుడు మొదలవుతుంది, పొద్దుగూకేదాకా ఆగదు. ఆమె భర్త వడ్రంగి మేస్త్రీ. ఆయనకి పుట్టుకతోనే చెవుడు, దాంతో మాటా రాలేదు. అయినా సరే, తన భర్తంత వాగుడుకాయ ఈ వీధి మొత్తంలో లేడని మిషనమ్మ ఒట్టేసి చెబుతుంది. కొత్తవాళ్ళు నోరు వెళ్ళబెడితే, "ఒక్క పూట వచ్చి నా కిటికీ దగ్గర కూర్చోండి, తల వాచిపోతుంది" అంటుంది.

అందులో అబద్ధమేమీ లేదు. గేటు తీయగానే పెరడు. పెరటికి ఒక కొసన ఇల్లు, ఇంటికి పెద్ద కిటికీ, కిటికీ పక్కన మిషను. రెండో కొసన మేస్త్రీ రేకుల షెడ్డు. దానికి మూడువైపులే గోడలు. నాలుగో వైపు, సరిగ్గా కిటికీకి ఎదురుగా, బార్లా తెరిచి ఉంటుంది. అక్కడ ముక్కాలిపీట మీద కూర్చుని ఆయన చిత్రిక పడతాడు, ఇక్కడ కుర్చీలో కూర్చుని ఆమె కుడుతుంది. ఏదైనా చెప్పాలనుకుంటే ఆయన సుత్తితో బల్ల మీద టకటకమనిపిస్తాడు. ఆమె తలెత్తుతుంది. ఆమె చెప్పాలనుకుంటే కిటికీలోంచి ఎర్రగుడ్డ ముక్క ఊపుతుంది. ఆయన తలెత్తుతాడు. ఇక చేతులు మాట్లాడుకుంటాయి.

ఏం మాట్లాడుకుంటారంటే, అన్నీ. గుండీలు తెప్పించాలి, మేకులు అయిపోయాయి లాంటివి ఏ కొంచెమో. మిగతాదంతా ఎందుకూ పనికిరాని సరుకే. పక్కింటాయన గొడుగు మరిచిపోయి తిట్టుకుంటూ వెనక్కొస్తున్నాడు, చూడు. గోడ మీది పిల్లి తుమ్మింది. ఆ దూలం కోస్తుంటే లోపల మచ్చ ఒకటి కనపడింది, అచ్చం మనకి ఇల్లు అద్దెకిచ్చిన ఇంటాయన ముక్కులా ఉంది. కూతురు ఉద్యోగానికి వెళ్ళిపోయాక ఇంట్లో మిగిలేది వాళ్ళిద్దరే. అయినా పొద్దెలా గడిచిందో వాళ్ళకి ఏనాడూ తెలియలేదు.

ఈ చేతిమాట అంతా ఆమె అత్తగారి సృష్టి. కొడుక్కి వినపడదని తెలిసిన రోజు ఆవిడ కరువుదీరా ఏడ్చిందట. మర్నాటి నుంచి కూర్చుని మాటలు తయారుచేయడం మొదలుపెట్టింది. వస్తువుకొకటి, మనిషికొకటి, కోపానికొకటి, అలకకొకటి. మిషనమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ ఎదురుగా కూర్చోబెట్టుకుని, "పనులు తర్వాత నేర్చుకుందువు గానీ, ముందు మాట నేర్చుకో" అంది. అత్తగారు పెట్టిన నగలు అరిగాయి, కొన్ని అక్కరకొచ్చి చెయ్యి దాటాయి. ఇది మాత్రం అలాగే ఉంది. ఆవిడని తలుచుకున్నప్పుడల్లా మిషనమ్మకి దణ్ణం పెట్టబుద్ధేస్తుంది.

అంతా బాగానే ఉంది గానీ, ఆ మధ్యనున్న నేలే వాళ్ళకి తలనొప్పి అయింది. పొద్దున ఎక్కిన ఎండ సాయంత్రం దాకా దాని మీంచి దిగదు. చెట్టు నీడ లేదు, గోడ నీడ లేదు. నీళ్ళు చల్లితే అలా చల్లి వెనక్కి తిరిగేసరికి ఆరిపోతాయి. గాలి వీచిందంటే దుమ్మంతా లేచి, ఎవరో పిలిచినట్టు నేరుగా షెడ్డులోకే పోతుంది, తడి పాలిష్ మీద వాలుతుంది. ఆ ఏడాది ఒక బ్యాంకు ఆఫీసరు ముచ్చటపడి పుస్తకాల బీరువా చేయించుకున్నాడు. తీసుకెళ్ళడానికి వచ్చి తలుపు మీద చెయ్యి వేసి, "ఇది బీరువానా, గరుకు కాగితమా?" అన్నాడు. మిషనమ్మ దాన్ని చేతులతో చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. ఆయన వేళ్ళు దులుపుకున్న తీరు చూసే మేస్త్రీ మొహం మాడిపోయింది.

ఇంటాయనని అడిగితే సిమెంటు చేయించనన్నాడు. కింద పైపు ఉంది, అది పగిలినప్పుడల్లా తవ్వుకోవాలి. షెడ్డుకి తెరిచి ఉన్నవైపు టార్పాలిన్ పట్టా కడదామంటే, దుమ్ము ఆగుతుంది నిజమే, దానితోపాటు వాళ్ళ మాటలూ ఆగిపోతాయి. పైగా ఆ పాలిష్ వాసనకి లోపల మనిషి ఉడికిపోతాడు.

అప్పుడు షావుకారు వచ్చాడు. బజార్లో పెద్ద ఫర్నిచరు కొట్టు ఆయనది. మేస్త్రీ పనితనమంటే ఆయనకి ప్రాణం.

"చూడు చెల్లెమ్మా, ఈ చేతులు దుమ్ములో పాడైపోతున్నాయి. మా కొట్టు వెనక గది ఉంది. నాలుగువైపులా గోడలు, లైట్లు, ఫ్యాను. పొద్దున రమ్మను, సాయంత్రం వెళ్ళమను. నా పనంతా ఆయనకే ఇస్తా. మళ్ళీ గాలులు మొదలయ్యేలోపు ఏ సంగతీ చెప్పండి. ఆ తర్వాతైతే నేను ఇంకొకళ్ళని చూసుకోవాలి."

మిషనమ్మ అంతా చేతుల్లోకి మార్చి చెప్పింది. మేస్త్రీ ఆమె చేతులు చూసి, చిత్రిక పట్టే రంద పక్కన పెట్టి, ఆలోచించుకుంటాను అన్నాడు.

షావుకారు మంచివాడు. ఆయన చెప్పిందాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అదే ఆమెకి మరీ కష్టంగా ఉంది. బజారుకి వెళ్తే పని పెరుగుతుంది. కానీ పొద్దంతా ఆయన చుట్టూ ఉండేది ఆయన చేతులు తెలియని మనుషులు. గోడ మీద పిల్లి తుమ్మితే ఎవరికి చెబుతాడు? సాయంత్రం ఇంటికొచ్చాక చెబుదాంలే అనుకునే మాటలు కావు అవి. దారిలోనే చచ్చిపోతాయి. ఆ నేలకి ఏదో ఒకటి కప్పితే తప్ప ఆయన వెళ్ళక తప్పదు. మిషనమ్మ పంతం పట్టింది.

మొదట నర్సరీకి వెళ్ళి చాపలా చుట్టి అమ్మే గడ్డి తెచ్చి పరిచింది. కంటికి పచ్చగా, కాలికి మెత్తగా ఉంది. దాని దాహం చూస్తే మాత్రం గుండె గుభేలుమంది. బిందెలకి బిందెలు తాగి, ఒక్క పూట నీళ్ళు రాకపోతే అలిగి కూర్చునేది. వీధి కుళాయి మీద ఆధారపడ్డ ఇంట్లో అలాంటి మహారాణిని ఎవరు మేపగలరు? కొన్నాళ్ళకి అది పసుపుపచ్చగా మారి, ఆపైన గోధుమరంగు తిరిగి, చివరికి ఆ గడ్డే పొడుమై షెడ్డులోకి ఎగిరింది.

ఇక లాభం లేదని వదినకి కబురు పెట్టింది. వదిన అంటే మేస్త్రీకి అక్క. బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయింది. మనిషి రావడానికి ముందే గొంతు వస్తుంది. వేళ్ళతో టిక్కెట్టు చింపినట్టు చూపిస్తే వాళ్ళ చేతిమాటలో ఆవిడ పేరు. అత్తగారు నేర్పని తిట్లన్నీ మిషనమ్మకి నేర్పింది ఈవిడే. తమ్ముడూ తనూ చిన్నప్పుడు అమ్మకి తెలియకుండా తయారుచేసుకున్న సరుకు అది.

"దీనికింత దిగులెందుకే అమ్మాయ్?" అంటూ వదిన ఆటో నిండా మొక్కలతో దిగింది. పొట్టి రకం గన్నేరు. ఎండకి జంకదు, నీళ్ళడగదు, ఏడాది పొడుగునా పూస్తుంది.

"ఎత్తెంత పెరుగుతుంది వదినా?" మిషనమ్మ ప్రాణం అక్కడే కొట్టుకుంటోంది.

"నడుము దాటదన్నాడు నర్సరీవాడు. అనుమానమైతే కొలుద్దాం రా."

కొలిచారు. వదిన షెడ్డులో నిలబడింది. మిషనమ్మ కిటికీ దగ్గర నిలబడింది. మధ్యలో నడుమెత్తున కర్ర పాతి తాడు కట్టారు. వదిన చేతులు ఊపి, "నీ మొగుడు గాడిద" అంది. శుభ్రంగా కనపడింది. ఇంకేం, నాటేశారు.

ఆ పొరపాటు వాళ్ళిద్దరే చేయగలరు. వదిన ఉద్యోగమంతా కదిలే బస్సులో నిలబడి చేసింది. మనిషి అంటే నిలబడేది అనే ఆవిడ లెక్క. మిషనమ్మేమో పొద్దున లేస్తే జనాన్ని నిటారుగా నిలబెట్టి టేపు పెట్టే మనిషి. వంగితే కొలత చెడుతుందని కసిరే మనిషి. మేస్త్రీ పనిచేసేది ముక్కాలిపీట మీద, తను కుట్టేది కుర్చీలో అన్న సంగతి ఇద్దరికీ తట్టనే లేదు.

గన్నేరు మాత్రం మాట నిలబెట్టుకుంది. ఏపుగా పెరిగింది, గులాబీరంగు పూలు పూసింది, దుమ్ము చాలావరకు ఆపింది. వీధిలోవాళ్ళు గేటు దగ్గర ఆగి మెచ్చుకున్నారు. మేస్త్రీ ఒక చెక్క పెట్టెకి పాలిష్ వేస్తే నున్నగా వచ్చింది. మిషనమ్మ మనసు కుదుటపడింది.

ఒకరోజు కుడుతుంటే సుత్తి చప్పుడు వినపడింది. తలెత్తింది. ఎదురుగా ఆకులు. తల అటు వంచి ఇటు వంచి చూసింది. ఆకులే. లేచి నిలబడితే మేస్త్రీ తలా, భుజాలూ కనపడ్డాయి. చేతులు గన్నేరు వెనక ఎక్కడో కదులుతున్నాయి. ఆమె నడిచి వెళ్ళింది.

"ఏంటి?"

"ఏం లేదు. ఉడత ఒకటి నా పెన్సిలు ఎత్తుకుపోబోయింది. ఇప్పుడు వెళ్ళిపోయింది."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె వెనక్కొచ్చి కూర్చుంది. కాసేపటికి మళ్ళీ చప్పుడు. మళ్ళీ లేచింది. తర్వాత ఆమె ఎర్రగుడ్డ ఊపింది. ఆయనకి కనపడలేదు. మొదటి కొన్నాళ్ళు ఎవరో ఒకరు లేచి నడిచేవాళ్ళు. ఆపైన, అంత ముఖ్యమైతేనే లేచేవాళ్ళు. ఇంకొన్నాళ్ళకి సుత్తి చప్పుడు మేకులు అయిపోతేనే వినపడేది. ఎర్రగుడ్డ మిషను మీదే పడి ఉండేది. మేకులు, గుండీలు, కరెంటు పోయింది, అన్నానికి రా. అక్కరున్న మాటలు మాత్రం బతికాయి. పిల్లి తుమ్మినా, పక్కింటాయన జారిపడినా, ఇటువాళ్ళకి ఇటే, అటువాళ్ళకి అటే.

ఒక మధ్యాహ్నం ఆమె సూదికి దారమెక్కిస్తూ ఆగిపోయింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. చెవులు రెండూ బాగా పనిచేస్తున్నాయి. వీధిలో సైకిలు గంట వినపడుతోంది. అయినా తనతో ఎవరూ మాట్లాడటం లేదు. చెవుడంటే ఏమిటో ఆ వేళ ఆమెకి మొదటిసారి తెలిసింది. గదిలోంచి బయటికొచ్చి గన్నేరు మధ్యలో నిలబడి, దుఃఖం ఆపుకోలేక ఏడ్చింది. దుమ్ము ఆపుదామని మొదలుపెట్టి, ఆయన బజారుకి వెళ్ళకముందే పంపించేసినట్టయింది.

వదిన నొచ్చుకుంటుందేమోనని భయపడుతూనే సంగతి చెప్పింది. ఆవిడ వచ్చి, ముక్కాలిపీట మీద తనే కూర్చుని కిటికీ వైపు చూసింది. నెత్తి మీద మొట్టికాయ వేసుకుంది.

"నా బుర్ర బస్సు టాపు మీద పెట్టి మరిచిపోయానే! వాడు కూర్చుంటాడు కదా!"

"మీరు ప్రేమగా తెచ్చారు వదినా. తీసెయ్యాలంటే చెయ్యి రావడం లేదు."

"తీసి పారేస్తామా ఏంటి? బస్టాండు గోడ బోసిగా ఉంది, అక్కడ నాటిస్తా. వాటికీ మంచిదే, పొద్దంతా జనం. ముందు లే, గడ్డపార తే."

ఆ ఒక్క మాటకి మిషనమ్మ ఆవిడ కాళ్ళు పట్టుకునేదే. ఇంకెవరైనా అయితే "నేను తెచ్చినవి నచ్చలేదా" అని ముక్కు చీదేవాళ్ళు. ఈవిడ గడ్డపార అడిగింది.

గన్నేరు పోయింది, దుమ్ము తిరిగొచ్చింది. అయితే సుత్తి చప్పుడు కూడా తిరిగొచ్చింది. ఆ పూట మేస్త్రీ దాచుకున్నదంతా కక్కేశాడు, ఆమెకి కుట్టు సాగలేదు. కానీ మళ్ళీ గాలుల కాలం వచ్చేలోపు మధ్యలో ఒక్క వానాకాలమే ఉంది. షావుకారు మాట గుర్తుంది.

"ఈసారి కొనేది లేదు," అంది మిషనమ్మ. "నర్సరీలో నీడ పందిరి కింద పెరిగినవాటికి మన ఎండ ఏం తెలుసు వదినా? ఎవరూ నీళ్ళు పోయని చోట ఏది పచ్చగా ఉందో అది తెచ్చుకుందాం."

మిట్టమధ్యాహ్నం, చెప్పుల్లోంచి కాళ్ళు కాలే వేళ, ఇద్దరూ గోనెసంచీ, గునపం పట్టుకుని బయల్దేరారు. బస్టాండు వెనక ఖాళీ జాగా, రాళ్ళు కొట్టే చోటు, మట్టిరోడ్డు అంచులు. ఎక్కడ పచ్చగా కనపడితే అక్కడ కూర్చునేవాళ్ళు. ముందుగా ఎత్తు చూసేవాళ్ళు. వదిన కండక్టరు బుద్ధి పోనిచ్చుకోలేదు. వెంపలి మొక్క కనపడితే, "మోకాలు దాటావు, నీకు సీటు లేదు, దిగు" అంది. తుమ్మి కనపడితే, "నువ్వు మంచిదానివే, నిటారుగా నిలబడతావు, అదే నీతో చిక్కు" అంది. పల్లేరు నేలకి అంటుకుని చక్కగా పాకింది, పసుపుపచ్చని పూలు కూడానూ. మిషనమ్మ సంబరపడి చెయ్యి వేసి చురుక్కుమంటే వెనక్కి లాక్కుంది.

"నీ మొగుడు చెప్పులు లేకుండా తిరుగుతాడు. ఈ ముళ్ళు గుచ్చుకుంటే వాడి తిట్లకి చేతులు చాలవు," అంది వదిన.

అలా ఏరి ఏరి చివరికి కొన్ని మిగిలాయి. గలిజేరు, వేరు లోతుగా దిగి కొమ్మలన్నీ నేల మీద చాపలా పరుచుకునేది. గరిక, తొక్కినా లేచేది. గంగవావిలి, ఆకుల్లోనే నీళ్ళు దాచుకునేది. అది తొక్కితే విరుగుతుంది కాబట్టి గోడ అంచుకి. వీటన్నిటికంటే ఆమెకి నచ్చింది విష్ణుక్రాంత. రాళ్ళ మధ్యలో, అసలు మట్టే లేనట్టున్న చోట, సన్నటి కొమ్మలు చుట్టూ చాపి, గోరంత నీలం పూలు పూసి కూర్చుంది. పాదం ఎత్తు కూడా లేదు. ఆ ఎండలో దాన్ని చూస్తుంటే ఆమెకి కళ్ళు చల్లబడ్డాయి. ఒకటి ఎండిపోయినా ఇంకొకటి నేలని పట్టుకుంటుందని అన్నిటినీ కలిపి తెచ్చారు. ఎక్కడా ఉన్నదంతా ఊడ్చుకురాలేదు, వేరుతో ఒక్కో గుప్పెడు తీసి మిగతాది వదిలేశారు.

వీధికి నవ్వుకోవడానికి మంచి సందు దొరికింది. "అందరూ కలుపు పీకుతుంటే మిషనమ్మ కలుపు నాటుతోంది" అన్నారు. పక్కింటాయన గేటు మీద మోచేతులు ఆనించి, "మా పెరట్లో కావలసినంత ఉందమ్మా, బండి తెచ్చుకో" అన్నాడు. "తెచ్చుకుంటానండీ, మీరే పీకి ఉంచండి" అంది మిషనమ్మ. ఆయన నిజంగానే మర్నాడు ఒక తట్ట గలిజేరు పట్టుకొచ్చాడు. వెక్కిరింతగా తెచ్చాడో మనసుపడి తెచ్చాడో ఆమె అడగలేదు. కళ్ళకద్దుకుని నాటుకుంది.

నాటేముందు ఈసారి వదిన ముక్కాలిపీట మీద కూర్చుంది, మిషనమ్మ కుర్చీలో కూర్చుంది. వదిన చేతులు ఒళ్ళోంచి లేపకుండానే పాత తిట్టొకటి తిట్టింది. అంత కిందగా అన్నదీ అక్షరం పొల్లుపోకుండా అందింది. మిషనమ్మ అంతకంటే పెద్దది తిరిగి తిట్టింది. మధ్యలో నిలబడ్డ మేస్త్రీ ఇద్దరినీ మార్చి మార్చి చూసి తల పట్టుకున్నాడు.

వానలు దయతలిచాయి. అతుకుకీ అతుకుకీ మధ్య మట్టి కొంచెం కొంచెంగా కనపడకుండా పోయింది. మొదట్లో మేస్త్రీకి ఈ కలుపు మీద నమ్మకం లేదు. కానీ ఒక పొద్దున ఆయన సుత్తితో పిలిచి, వేళ్ళ కొసలన్నీ ఒకచోట చేర్చి, కంటి పక్కన పెట్టి, నెమ్మదిగా విప్పాడు. ఆమెకి అర్థం కాలేదు. ఆయన నేల మీది నీలం పువ్వు చూపించి మళ్ళీ అలాగే చేశాడు. పొద్దున కన్ను తెరిచి మధ్యాహ్నానికి మూసుకునే పువ్వు కదా అది. విష్ణుక్రాంతకి పేరు పెట్టాడన్నమాట. అత్తగారు పోయాక ఆ ఇంటి భాషలోకి వచ్చిన మొదటి కొత్త మాట అది. మిషనమ్మ ఆ మాటని తన కంటి పక్కన మళ్ళీ మళ్ళీ చేసి చూసుకుంది. ఆవిడ ఉంటే ఎంత మురిసిపోయేదో అనుకుంది.

వానలు వెళ్ళిపోయాయి. ఎండ ముదిరింది. గరిక అక్కడక్కడా రంగు మారింది, గంగవావిలి కాస్త ముడుచుకుంది. గలిజేరు, విష్ణుక్రాంత మాత్రం నేలని వదల్లేదు. గాలులు మొదలయ్యే ముందు రోజుల్లో మేస్త్రీ ఒక అద్దం చట్రం తయారుచేశాడు. షెడ్డు రేకుల మీద గాలి ఈలలేస్తున్న మధ్యాహ్నం చూసి, కావాలనే, దానికి పాలిష్ వేసి షెడ్డు అంచున పెట్టాడు. వీధిలో దుమ్ము సుడులు తిరుగుతోంది, కాగితాలు ఎగురుతున్నాయి. మిషనమ్మ కుట్టినట్టు నటిస్తూ కూర్చుంది. కుట్టు ఎటు పోతోందో చూడలేదు. ఆ పూట కుట్టిందంతా తర్వాత విప్పాల్సి వచ్చింది.

పాలిష్ ఆరాక ఆయన చేత్తో పిలిచాడు. ఆమె వెళ్ళింది. ఆయన కళ్ళు మూసుకుని చట్రం పొడుగునా అరచేయి నడిపాడు. మొహంలో ఏమీ కనపడలేదు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని అదే దారిలో నడిపాడు. నున్నగా, నీళ్ళ మీద వేలు పెట్టినట్టు జారిపోయింది. ఆమె చట్రం వదిలి, పెరట్లోకి దిగి, కూర్చుని, ఆ మొక్కల మీద అరచేతులు ఆనించింది. "మీ రుణం తీర్చుకోలేనమ్మా" అని పైకే అంది. ఎవరైనా వింటే నవ్వుతారని తెలుసు. నవ్వితే నవ్వనీ అనుకుంది.

చెప్పినట్టే షావుకారు వచ్చాడు. పెరడంతా ఒకసారి కలయజూశాడు. అద్దం చట్రం అటూ ఇటూ తిప్పి చూసి, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని మరీ చూశాడు.

"ఇది ఇక్కడే వేసిందా?"

"ఇక్కడేనండీ. మొన్న గాలిలో."

"బాగుంది. చాలా బాగుంది. అయినా నా మాట అలాగే ఉంది చెల్లెమ్మా. అక్కడ గాలీ వానా భయం లేదు. ఏమంటాడో అడుగు."

ఆమె అడిగింది. ఇప్పుడు ఆయన వెళ్ళాల్సిన అవసరం లేదు, వెళ్ళాలనుకుంటే మాత్రం ఆపడానికి ఆమె దగ్గర ఏ కారణమూ లేదు. మేస్త్రీ ఒళ్ళోని పొట్టు దులుపుకుని, షావుకారు వైపు తిరిగి, నింపాదిగా, చేతులు పైకీ కిందకీ కదిలిస్తూ చాలాసేపు మాట్లాడాడు. మిషనమ్మ చూస్తూ చూస్తూ తల దించుకుంది.

"ఏమంటున్నాడు?"

"రానంటున్నారండీ."

మేస్త్రీ సుత్తి తీసి బల్ల మీద టకటకమనిపించాడు. ఆమె మొహం వైపు వేలు చూపించి తల అడ్డంగా ఊపాడు. అంత పొడుగు మాటకి నీ పెదాలు అంతేనా కదిలేది? అంతా చెప్పు అన్నాడు. షావుకారుకి కూడా సంగతి అర్థమైపోయింది. "చెప్పమ్మా, తిట్టాడా ఏంటి? ఫరవాలేదు చెప్పు," అన్నాడు.

మిషనమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఇన్నేళ్ళుగా ఆయన మాటలు జనానికి చెబుతోంది. బేరాలు చెప్పింది, కోపాలు చెప్పింది, ఒకసారి ఇంటాయనకి ఆయన పెట్టిన చీవాట్లు కూడా చెప్పింది. ఇలాంటిది ఎప్పుడూ చెప్పాల్సి రాలేదు.

"మీ గదిలో గోడలున్నాయి, లైట్లున్నాయి, ఫ్యాను ఉంది, మీరు నా మంచి కోరి పిలిచారు, మీకు దణ్ణం అంటున్నారండీ," అని మొదలుపెట్టింది. కొంగు ఇంకోసారి కళ్ళకి అద్దుకుని అంది. "కానీ అక్కడ కూర్చుంటే మా ఆవిడ కనపడదు. మా అమ్మ నాకు బోలెడు మాటలు చేసిచ్చి పోయింది. ఈవిడ లేకపోతే వాటిని నేనెక్కడ పెట్టుకోవాలి, అంటున్నారు."

షావుకారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"సరే. పనే ఇక్కడికి పంపిస్తాలే," అన్నాడు. మొక్కల మీద కాలు పడకుండా అంచు వెంట గేటు దాకా నడిచి, వెళ్ళిపోయాడు.

ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళి కూర్చున్నారు. మిషనమ్మ దారం ఎక్కించుకుంది. కళ్ళు మసకగా ఉంటే దారం ఎటో పోతోంది. టకటకమని సుత్తి చప్పుడు వినపడింది. తలెత్తింది. నీలం పూల మీదుగా, ముక్కాలిపీట మీద కూర్చున్న మనిషి నిలువునా కనపడ్డాడు. మొహం చాలా గంభీరంగా పెట్టాడు.

"షావుకారు చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో పెట్టుకొచ్చాడు. చూశావా?"

ఆమె మిషను మీంచి చేతులు తీసింది.

"రాగానే చూశాను. నువ్వు చెబుతావని ఎదురుచూస్తున్నా."